పరదా అంచులో సీసం

"టేపు బిగించకూడదమ్మాయ్. ఆనించాలంతే," అన్నాడు పరదాల దర్జీ, మంచం మీద పడుకునే.

టెక్నీషియన్ టేపు వదులు చేసింది. భుజానికీ మోచేతికీ నడిమధ్య పెన్నుతో పెట్టిన చుక్క మీదుగా మళ్లీ చుట్టి, అంకె చూసింది. పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లు. కిందటి సోమవారం పంతొమ్మిది. ఐదు వారాల కిందట ఇరవై ఒకటి.

"ముప్పై ఐదేళ్లు టేపు మెడలో వేసుకుని తిరిగినవాణ్ణి. కొలిచేటప్పుడు కొలుస్తున్నట్టు ఒంటికి తెలియకూడదు."

"మీ దగ్గర పనికి కుదిరుంటే నేనూ బాగుపడేదాన్ని బాబాయ్."

"కుదిరినా మూడో రోజున పంపించేసేవాణ్ణి. నీ చేతులు మరీ చల్లన."

అవి చల్లగా ఉండక మానవు. పొద్దున్నుంచీ ఐసుపెట్టెలో చేతులు పెట్టి తీసే ఉద్యోగం ఆమెది. చక్రాల బల్ల మీద ఆ పెట్టె తోసుకుంటూ వార్డులోకి రాగానే ఎవరో ఒకరు 'ఐస్‌క్రీం బండి వచ్చిందర్రోయ్' అంటారు. ఎనిమిది నెలలుగా అదే జోకు, ఎనిమిది నెలలుగా ఆమెది అదే నవ్వు. అదీ జీతంలో భాగమేనని ఆమె ఎప్పుడో సరిపెట్టుకుంది.

"బుధవారం పొద్దున రక్తం తీస్తాను బాబాయ్. ముందు రోజు రాత్రి పది దాటాక ఏమీ తినకూడదు," అంది.

"అది నాకెందుకు చెప్తావు, మా ఆవిడకి చెప్పు. తినడం నేనెప్పుడో మానేశాను. తినిపించడమే అది మానలేదు." కాస్త ఊపిరి తీసుకుని అడిగాడు. "ఇంతకీ నా రక్తంలో ఏం వెతుకుతున్నారు మీరు? సంతకం పెట్టిన రోజున చెప్పారు గానీ, ఆ రోజున నా చెవులు పనిచెయ్యలేదు."

"ఆకలి పుట్టించే సరుకొకటి మన ఒంట్లోనే తయారవుతుంది. గంజాయిలో ఉండే మందుకి దూరపు చుట్టమనుకోండి. వంట వాసనకి నోరూరడంలో దానికీ చెయ్యుంది. మీలా చిక్కిపోతున్నవాళ్లలో అది తగ్గిపోయిందా, లేకపోతే అది ఉన్నా ఒళ్లు దాని మాట వినడం లేదా అని చూస్తున్నారు. ఇంకా తేలలేదు."

"అంటే ఇన్నేళ్లూ ఒంట్లో గంజాయి పెట్టుకుని బజార్లో దర్జాగా తిరిగానన్నమాట! పోలీసులకి తెలియలేదు గనక బతికిపోయాను."

ఈసారి టెక్నీషియన్ నిజంగానే నవ్వింది. అతన్ని రెండు చేతులా పట్టుకుని లేపి, తూకం కుర్చీలో కూర్చోబెట్టింది. తెర మీద అంకెలు కాసేపు తడబడి నిలిచాయి. నలభై ఐదు కిలోల ఎనిమిది వందలు. కిందటి వారమూ అదే. అంతకు ముందు వారం ఇంకో వంద గ్రాములు, అంతే తేడా.

ఆమె అంకె రాయబోయి ఆగింది. చెయ్యి చూస్తే రెండున్నర సెంటీమీటర్లు కరిగిపోయింది. బరువు చూస్తే ఎక్కడికీ పోలేదు. నీరు పట్టిందేమోనని వంగి, అతని పాదం మీద బొటనవేలితో నొక్కి పట్టుకుంది. గుంట పడలేదు. చర్మం కిందే ఎముక తగిలింది.

కుర్చీలోంచి దింపబోతుంటే పైజామా కాలు కుర్చీ ఇనుప పట్టీకి తగిలి టక్కుమంది.

ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు. దర్జీ కిటికీకేసి చూశాడు. టెక్నీషియన్ పైజామా అంచు పట్టుకుని వేళ్లతో తడిమింది. పావలా కాసంత గట్టి బిళ్లలు, వరసగా, కాలు చుట్టూతా. రెండో కాలికీ ఉన్నాయి. నడుం పట్టీలో రెండు వరసలున్నాయి.

"ఇదేంటి బాబాయ్?"

"సీసం. పరదా అడుగంచులో వేస్తాం. లేకపోతే గాలికి పిచ్చెత్తినట్టు ఎగురుతుంది. అంచులో బరువుంటే మర్యాదగా నిలబడుతుంది."

"నేనడిగింది పరదాల సంగతి కాదు."

"తెలుసులే." అతను అంచు కేసి చూసుకున్నాడు. "ఒకదానికొకటి తగిలి చప్పుడు చెయ్యకుండా దేని అర దానికి విడిగా కుట్టాను. కుర్చీ ఇనుముకి తగులుతుందని తోచలేదు." ఆ గొంతులో తప్పు చేసి దొరికిపోయినవాడి బెరుకు లేదు. పనిలో పొరపాటు చేసినవాడి చిరాకే ఉంది.

"నలభై ఐదు కిలోల కిందికి దిగితే క్యాన్సరు ఇంజెక్షన్లు ఆపేస్తామన్నారు డాక్టరుగారు. అందుకేనా?"

దర్జీ తలుపు వైపు చూశాడు. వరండా చివర కుళాయి దగ్గర అతని భార్య గ్లాసూ చెమ్చాలూ కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అలాగే అనుకో. దానికి మాత్రం చెప్పకు."

"ఆ ఇంజెక్షన్ మోతాదు కూడా బరువు చూసే కడతారు బాబాయ్. లేని ఒంటికి మందెక్కిస్తే మొయ్యాల్సింది ఉన్న ఒళ్లే."

"మొయ్యనీ. ఇన్నాళ్లూ మొయ్యలేదూ!"

చెంగుతో చేతులు తుడుచుకుంటూ భార్య లోపలికి వచ్చింది. పొట్టి మనిషి, గబగబా నడుస్తుంది, గబగబా మాట్లాడుతుంది. అందరూ ముందు 'ఎలా ఉంది' అని అడిగే చోట ఆవిడ 'ఎంతొచ్చింది' అని అడుగుతుంది.

"ఎంతొచ్చిందమ్మా?"

టెక్నీషియన్ నోరు తెరిచేలోపే దర్జీ చూపుడువేలితో తెర చూపించాడు. భార్య వంగి, కళ్లు చికిలించి చదివింది. మొహమంతా వెలుగు వచ్చింది. "తగ్గలేదు! చూశారా, నిన్న రాత్రి ఆ నాలుగు చెమ్చాలు తిననని గొడవ పెట్టారు. అవే నిలబెట్టాయి," అంది.

టెక్నీషియన్ అంకె రాసే గడి ఖాళీగా వదిలేసి ఐసుపెట్టె తోసుకుంటూ పక్క మంచానికి వెళ్లింది. ఆ క్షణంలో చెప్పడానికి ఆమెకి మనసొప్పలేదు.

రౌండ్లకి వచ్చిన పెద్ద డాక్టరుకి వరండాలోనే ఎదురెళ్లి ఆ అంకె చెప్పేసింది భార్య. ఆయన నడక ఆపకుండానే "భేష్ అమ్మా! నేను చెప్పలేదూ, అంతా మీ చేతుల్లోనే ఉందని? ఇలాగే కానివ్వండి," అన్నాడు. ఆ మాట ఆయన మొదటి రోజూ అన్నాడు. ఈ వార్డులో ప్రతి మంచం పక్కనున్న భార్యకీ, కూతురికీ, కోడలికీ అదే మాట అంటాడు.

అరగంట తర్వాత టెక్నీషియన్ అటు వెళ్తుంటే ఆవిడ వరండా బెంచీ మీద కూర్చుని అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని తింటోంది. తల ఎత్తకుండా, ఎవరో తరుముకొస్తున్నట్టు తింటోంది. చివరికి డబ్బా అర మూల కూడా వేలితో తుడిచి నోట్లో పెట్టుకుంది. అంత ఆకలి చూసి చాలాకాలమైందని టెక్నీషియన్ అనుకుంది. వార్డులో ఆకలి కనబడదు గనక అది వింతగానే తోచింది. అక్కడితో ఆ సంగతి మరిచిపోయింది.

మధ్యాహ్నం డాక్టరు గదికి వెళ్లి సీసం సంగతి చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎన్ని వారాల నుంచి?"

"ఐదు వారాలై ఉంటుందండి. అప్పటి నుంచే బరువు కదలడం లేదు, చెయ్యి మాత్రం సన్నబడుతోంది."

"అంటే రెండు ఇంజెక్షన్లు తప్పుడు బరువుకి ఇచ్చాం." ఆయన కేసు కాయితం ముందుకి లాక్కున్నాడు. "బుధవారం రక్తం తీసేటప్పుడు బిళ్లలు లేకుండా తూచండి. నలభై ఐదు లేకపోతే గురువారం ఇంజెక్షన్ లేదు."

"సరేనండి." ఆమె వెళ్లాలి. వెళ్లలేదు. "డాక్టరుగారూ, అంతా మీ చేతుల్లోనే ఉందని ఆవిడతో అన్నారు కదా. మనం రక్తం తీస్తున్నదే ఈ ఆకలి ఎవరి చేతుల్లోనూ ఉండదని గదండీ. బలవంతంగా తినిపించినా ఆ చిక్కడం ఆగదని మన కాయితాల్లోనే రాసుంది."

ఆయనకి కోపం రాలేదు. వచ్చి ఉంటే ఆమెకి తేలిగ్గా ఉండేది. "ఇంటివాళ్లకి ఏదో ఒక పని చూపించాలమ్మా. మేం చెయ్యగలిగింది ఏమీ లేదని చెప్తే ఆ మంచం పక్కన ఎలా కూర్చుంటారు?" అన్నాడు.

అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ పని ఇవ్వడంలో పరీక్ష కూడా పెడుతున్నారని, ప్రతి సోమవారం ఆ పరీక్షలో ఎవరో ఒక ఆడమనిషి తప్పుతోందని చెప్పాలనుకుంది. టెలిఫోన్ మోగింది. ఆయన ఎత్తాడు. ఆమె బయటికొచ్చేసింది. ఎనిమిది నెలలుగా ఆ మాట తనూ వింటూనే ఉంది కదా, ఇవాళే ఎందుకు పౌరుషం వచ్చిందని తన మీద తనకే ఒళ్లు మండింది.

బుధవారం పొద్దున ఆ మంచం దగ్గర ఎన్నో నెలల తర్వాత తిండి మాట లేదు. పరగడుపున ఉండాలని చెప్పారు గనక భార్య డబ్బా మూత తియ్యలేదు. చెమ్చా పట్టుకుని మీద వాలలేదు. ఏం చెయ్యాలో తోచక కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దర్జీ మంచం చుట్టూ వేలాడే ఆకుపచ్చ పరదాని చూస్తున్నాడు.

"ఎవడు కుట్టాడో గానీ, అడ్డదిడ్డంగా కోశాడు. అంచు ఎత్తుపల్లాలుగా ఉంది చూడు. అందుకే సరిగ్గా మూసుకోదు," అన్నాడు.

"మీ కళ్లకి అన్నీ వంకర్లే," అంది భార్య. అలా తిండి ప్రసక్తి లేకుండా మాట్లాడుకోవడం ఇద్దరికీ కొత్తగా ఉంది.

భార్య కూడా పరగడుపునే ఉంది. రోగి రక్తాన్ని పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం కావాలి. అదే వయసు, అదే ఇల్లు, అదే వంటయితే మరీ మంచిది. మొదటి రోజునే ఆవిడ సరేనని సంతకం పెట్టింది. 'నా రక్తం ఎక్కువే ఉందిలే, కావలిస్తే ఆయన వంతు కూడా నాదే తీసుకోండి' అని అప్పుడంది.

టెక్నీషియన్ తూకం కుర్చీ తెచ్చింది. దర్జీ వేరే పైజామా వేసుకుని ఉన్నాడు. దిండు కింద నుంచి జేబురుమాలు మూట ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. చేతికి జారేంత బరువుగా ఉంది.

"నిన్న అది ఇంటికెళ్లినప్పుడు కుట్లు విప్పేశాను. బట్ట ఎక్కడా చిరగలేదు," అన్నాడు.

"ఏంటది?" అంది భార్య.

ఎవరూ చెప్పలేదు. కుర్చీ చెప్పింది. నలభై మూడు కిలోల ఆరు వందలు.

"మిషను చెడిపోయిందా?" భార్య ముందు తెర చూసింది, తర్వాత టెక్నీషియన్ని, తర్వాత మూటని చూసింది. మూట లాక్కుని విప్పింది. సీసం బిళ్లలు ఆవిడ చేతుల్లోంచి నేల మీదికి దొర్లాయి. ఆ బిళ్లలు ఆవిడ ముప్పై ఏళ్లుగా ఇంట్లో చూస్తున్నవే. ఒక్కొక్కటే ఏరుతూ నేల మీదే కూర్చుండిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఐదు వారాలు," అన్నాడు దర్జీ.

"అంటే ఈ ఐదు వారాలు నేను పెట్టినదంతా..." ఆవిడ చేతిలోని బిళ్లకేసి చూసింది. "నా వల్ల కాలేదు. ఆ డాక్టరు ఒక్క పని అప్పజెప్పాడు నాకు. ఆ ఒక్కటీ నా వల్ల కాలేదు."

టెక్నీషియన్ ఆవిడ పక్కనే కూలబడింది. "అది మీ చేతుల్లో లేదు పిన్నీ. ఆకలి మనసులో పుట్టేది కాదు, ఒంట్లో పుట్టేది. ఈ జబ్బులో అది పుట్టదు. పుట్టినా పనిచెయ్యదు. మీరెంత బాగా వండినా, ఎన్నిసార్లు పెట్టినా ఈ కండ నిలబడదు. ఇందులో మీ తప్పేం లేదు."

ఈ మాట చెప్తే ఆవిడ గుండె బరువు దిగుతుందని ఆమె అనుకుంది. ఆవిడ తలెత్తి చూసిన చూపులో ఆ ఛాయలేం లేవు.

"నా తప్పు లేదంటే నా చేతిలో ఏమీ లేదనేగా? మరి నాలుగు నెలలుగా పొద్దున నాలుగింటికి లేచి ఎందుకు వండుతున్నాను? ఆయన వద్దు వద్దంటుంటే ముక్కు పట్టుకుని ఎందుకు పోశాను నోట్లో? ఈ మాట మొదటి రోజే చెప్పడానికి మీకు నోళ్లు లేవా?"

టెక్నీషియన్‌కి సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే లేచి దర్జీని మంచం మీదికి చేర్చి, చేతికి రబ్బరు పట్టీ కట్టింది. నరం దొరకడానికి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. రక్తం నిండిన గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేసి ఐసులో గుచ్చి, టైము రాసింది. బయట ఉంచితే రక్తకణాలు ఆ ఆకలి సరుకుని తయారుచేస్తూనే ఉంటాయి. అప్పుడు మనిషిలో లేనిది గొట్టంలో కనబడుతుంది. పది నిమిషాల్లో కిందికి తీసుకెళ్లి మిషనులో గిర్రున తిప్పి, పైన తేలిన పసుపు నీరు గడ్డకట్టించాలి.

"పిన్నీ, మీరూ ఒక్కసారి కూర్చోండి. బరువు రాసుకోవాలి," అంది.

ఆవిడ ఏరిన బిళ్లలు మంచం మీద పెట్టి, లేచి కుర్చీలో కూర్చుంది. కోపంతో కూర్చుంది గనక తెర వైపు చూడలేదు. టెక్నీషియన్ చూసింది. తెర ఆర్పి, ఆవిణ్ణి లేపి, మళ్లీ కూర్చోబెట్టి చూసింది. యాభై నాలుగు కిలోలు. కాయితం తిరగేసింది. నాలుగు నెలల కిందట అరవై ఒకటి.

"ఏడు కిలోలు తగ్గారు మీరు!"

నాలుగు నెలల్లో దర్జీ తగ్గింది ఆరు కిలోల ఎనిమిది వందలు. ఆరోగ్యవంతుల పట్టికలోకి రావాలంటే బరువు కదలకుండా ఉండాలి. జబ్బు మనిషి కంటే రెండు వందల గ్రాములు ఎక్కువ పోగొట్టుకున్న మనిషిని ఆ పట్టికలో ఎక్కడ రాస్తారు? ఆవిడ రక్తం కోసం తెచ్చిన గొట్టాన్ని ఖాళీగానే తిరిగి పెట్టేసింది.

"ఏవో పనులు, తిరుగుడు. నాకేం, నేను బానే ఉన్నాను," అంది భార్య.

"బానే ఉందట!" దర్జీ మోచేతి మీద లేవడానికి చూశాడు. "నీ జాకెట్ల నడుం ఎవరు బిగించారే? మూడుసార్లు బిగించాను. మొదటిసారి ఒక అంగుళం. రెండోసారి అంగుళంన్నర. మూడోసారి నీ చేతి కొలత తీసుకుంటుంటే నాకు చెయ్యి ఆడలేదు." ఊపిరి అందక ఆగాడు. తర్వాత టెక్నీషియన్‌కి చెప్పాడు. "నేను వదిలేస్తే తనూ మూతపెట్టేస్తుందమ్మాయ్. 'నాకూ ఆకలి లేదు' అంటుంది. దీని ఒంట్లో ఆ గంజాయి ఎండిపోయిందా ఏంటి? నిలువెల్లా ఆకలే దానికి! సోమవారం అంకె తగ్గలేదంటే ఆ రోజూ మర్నాడూ తింటుంది. తగ్గిందంటే వారమంతా మంచినీళ్లే. ఐదు వారాల కింద ఇక్కడే, ఈ కుర్చీ దగ్గరే కళ్లు తిరిగి పడబోయింది. ఆ రోజే ఇంటి నుంచి సీసం డబ్బా తెప్పించుకున్నాను. దారం ఎక్కించి ఇచ్చింది కూడా ఇదే. ఎందుకో దానికి చెప్పలేదు."

"ఇంజెక్షన్ల కోసం కాదా?" అంది టెక్నీషియన్.

"ఇంజెక్షన్లా! వాటిని ఎప్పుడు ఆపుతారా అని చూస్తున్నాను."

టెక్నీషియన్‌కి వరండా బెంచీ గుర్తొచ్చింది. అర మూల తుడిచిన ఆ వేలు గుర్తొచ్చింది. అది సోమవారం. దర్జీ ఐదు వారాలుగా రెండు కిలోల సీసం మోసింది ఆ బెంచీ మీది తిండి కోసమే.

భార్య బిళ్లలు మళ్లీ గుప్పిట్లోకి తీసుకుని నిలబడింది. ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, ముక్కు ఎగబీల్చుకుంటూ, దాచుకునే ప్రయత్నం ఏమీ చెయ్యకుండా ఏడుస్తోంది. టెక్నీషియన్ గడియారం చూసింది. ఆరు నిమిషాలైపోయాయి. ఆ గొట్టం ఎవరి ఏడుపు కోసమూ ఆగదు.

"రక్తం తీసేశాను బాబాయ్. ఇక తినొచ్చు," అంది. ఎవరికి చెప్పిందో తనకే తెలియలేదు. పెట్టె తోసుకుంటూ పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

పదకొండింటికి డాక్టరు ఆ మంచం దగ్గరికి వచ్చాడు. ఇంజెక్షన్లు ఆపేస్తున్నామన్నాడు. నొప్పి తగ్గడానికీ నిద్రకీ మందులు రాశాడు. అలవాటు కొద్దీ భార్య వైపు తిరిగి "ఇక అంతా మీ..." అని, పక్కనే నిలబడ్డ టెక్నీషియన్ని చూసి ఆగాడు. "ఆయన అడిగితేనే పెట్టండమ్మా. అడక్కపోతే వదిలెయ్యండి. ముందే చెప్పాల్సింది," అన్నాడు. దర్జీ హాయిగా కళ్లు మూసుకున్నాడు. భార్య తలూపింది. ఆవిడకి ఆ మాట వినబడిందో లేదో ఎవరూ చెప్పలేరు.

సాయంత్రం నాలుగింటికి తిండి పట్టికలు పోగుచెయ్యడానికి టెక్నీషియన్ మళ్లీ వార్డుకి వచ్చింది. ప్రతి మంచానికీ ఒక పట్టిక కట్టి ఉంటుంది. రోగి ఏ పూట ఎంత తిన్నాడో అందులో రాయాలి. ఇన్నాళ్లూ దర్జీ పట్టిక భార్యే రాసేది. నాలుగు చెమ్చాలు తింటే ఆరని రాసేదని ఆమెకి అనుమానం ఉండేది.

మంచం చుట్టూ పరదా వేసి ఉంది. అది ఎక్కడా ఎగరకుండా, నేలకి నాలుగంగుళాల ఎత్తున నిటారుగా దిగి ఉంది. తొలగించబోతే చేతికి బరువు తగిలింది. అడుగంచు వంగి చూసింది. ఒక వైపంతా సన్నటి కుట్టు, లెక్కపెట్టి వేసినట్టుంది. మూరెడు దూరం పోయాక కుట్టు వంకరటింకరగా, ఎడం ఎడంగా సాగింది. అలసిపోయినవాడు సూది ఇంకొకరికి ఇచ్చినట్టున్నాడు.

లోపల దర్జీ నిద్రపోతున్నాడు. భార్య కూడా కుర్చీలోనే, మంచం అంచున తల ఆనించి నిద్రపోతోంది. ఆవిడ కాళ్ల దగ్గర డబ్బా అరలు నాలుగూ కడిగి బోర్లించి ఉన్నాయి.

టెక్నీషియన్ చప్పుడు చెయ్యకుండా పట్టిక విప్పి తీసుకుంది. ఆ రోజు గడిలో రాత మారింది. కొలతలు రాయడానికి అలవాటుపడ్డ, పొట్టిగా నిటారుగా ఉండే అక్షరాలు.

'నేను: రెండు చెమ్చాలు. అడిగి తిన్నాను.'

దాని కింద, గీత దాటి, మార్జిన్లోకి పోయి ఇంకో వరస ఉంది.

'ఇది: మూడు అరలు పూర్తిగా. నాలుగోది బతిమాలితే.'

ఆ గడిలో రాయాల్సింది రోగి తిన్నది మాత్రమే. పైగా ఆవిడ ఏ పట్టికలోనూ లేని మనిషి. నిబంధన ప్రకారం రెండో వరస కొట్టెయ్యాలి. టెక్నీషియన్ పెన్ను తీసింది. రెండు వరసల కిందా టైము వేసి, తన పొట్టి సంతకం పెట్టింది.